ఆ చేతికి అందే శబ్దం
ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు స్పందించే వాయిద్యాలు ఎలా ఉండాలి?

ఈద్ నాటి సాయంత్రం మేము దగ్గరి బంధువుల ఇంటికి వెళ్ళాము. ఆ ఇంట తొమ్మిదేళ్ళ బాలుడున్నాడు. సెరిబ్రల్ పాల్సీతో జన్మించిన బిడ్డ. అతని మెదడు ఆజ్ఞ ఇస్తుంది గాని కండరాలు దానిని సరిగా పాటించవు. చేయి చాపితే అనుకున్న చోటికి చేరదు. పిడికిలి ఒకసారి బిగుసుకుంటే వెంటనే విడివడదు. మాట స్పష్టంగా రాదు. ఆ రోజు చాచా దుబాయి నుంచి తెచ్చిన రంగురంగుల బొమ్మ పియానోను అతని ఒడిలో ఉంచారు. దాని మీటలు వేలెడు వెడల్పు కూడా లేవు. బాలుడు ఎంతో ప్రయాసతో చేయి ఎత్తి దించాడు. నాలుగు మీటలు ఒక్కసారే మోగాయి, బొమ్మ జారి కింద పడింది. "వాడికి రాదులే" అంటూ తోటి పిల్లలు దానిని అందుకుని వాయించసాగారు. అతడు చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు గదిలో మూలన కూర్చున్న దాదీ అన్నది: "వాడికి రాకపోవడం కాదు బేటా, అది వాడి చేతికి తగ్గట్టు లేదు."

ఆ మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. లోపం చేతిదా, వస్తువుదా? చెప్పు బిగుతైతే మనం చెప్పును మారుస్తాము, పాదాన్ని నిందించము. మరి బిడ్డ విషయంలో మాత్రం తీర్పు బిడ్డకు వ్యతిరేకంగా ఎందుకు వెలువడుతోంది? ఈ ప్రశ్నను తీవ్రంగా తీసుకున్న వైద్యులు, ఉపాధ్యాయులు, స్వరకర్తలు, ఇంజనీర్లు కొందరు ఉన్నారు. వారు సాధించినదేమిటో, అందులో మన ఇళ్ళకు పనికివచ్చేదేమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

పాత ఆలోచనే, కొత్త రూపంలో

శబ్దానికి, స్వస్థతకు సంబంధం ఉన్నదన్న ఆలోచన ముస్లిం నాగరికతకు కొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాద్ తత్త్వవేత్త అల్-కిందీ గురించి చరిత్రకారుడు అల్-ఖిఫ్తీ ఒక వృత్తాంతాన్ని నమోదు చేశాడు. పొరుగున ఉన్న ధనిక వర్తకుని కుమారుడు హఠాత్తుగా చైతన్యం కోల్పోయి మంచాన పడ్డాడు. అల్-కిందీ తన శిష్యులను పిలిపించి అతని తల దగ్గర ఊద్ వాయింపజేశాడు. బాలుడు కదిలాడు, మాట్లాడాడు. తండ్రి తెలుసుకోవలసిన లెక్కలన్నీ అడిగి తెలుసుకున్నాడు. వాదన ఆగగానే బాలుడు మళ్ళీ మునుపటి స్థితికి చేరుకున్నాడు. అల్లాహ్ నిర్ణయించిన ఆయువును ఎవరూ పొడిగించలేరని అల్-కిందీ ఆ తండ్రికి చెప్పాడట. ఈ వృత్తాంతంలో చారిత్రక సత్యం ఎంత అన్నది అటుంచితే, అందులోని వినయం గమనార్హం. రోగం కుదిరిందని ఆ కథ చెప్పదు. తండ్రీకొడుకుల మధ్య కొద్దిసేపు మాట సాధ్యమైందని మాత్రమే చెబుతుంది.

టర్కీలోని ఎదిర్నే పట్టణంలో రెండవ బాయజీద్ సుల్తాను 1484-1488 మధ్య కట్టించిన సముదాయంలో ఒక వైద్యశాల ఉండేది. పదిహేడవ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ దానిని వర్ణిస్తూ, అక్కడ రోగుల కోసం వారానికి మూడుసార్లు వాద్యకారులు వాయించేవారని రాశాడు. ఆ భవనం నేడు ఆరోగ్య ప్రదర్శనశాలగా ఉన్నది.

అయితే పై రెండు సందర్భాలలోనూ రోగి వినేవాడు మాత్రమే. వాయించేది ఇతరులు. ఇరవయ్యవ శతాబ్దంలో ఇక్కడే మార్పు వచ్చింది. 1959 నుంచి ఇంగ్లండులోని సన్‌ఫీల్డ్ అనే పిల్లల నివాసంలో అమెరికన్ స్వరకర్త పాల్ నార్డాఫ్, ప్రత్యేక విద్యా ఉపాధ్యాయుడు క్లైవ్ రాబిన్స్ కలిసి పనిచేయడం ప్రారంభించారు. వారు బిడ్డకు పాట వినిపించి ఊరుకోలేదు. బిడ్డ అరిస్తే ఆ అరుపు స్వరాన్ని అందుకునేవారు. బిడ్డ బల్లపై కొడితే ఆ లయనే పియానోపై పలికించేవారు. మొదటి అడుగు బిడ్డది, జవాబు పెద్దలది. నేటి సంగీత చికిత్సలో ఒక ప్రధాన శాఖకు ఈ పద్ధతే పునాది.

వాయిద్యం దగ్గర ఆగిపోయిన చేయి

ఈ పద్ధతికి ఒక పెద్ద అడ్డంకి ఉన్నది. సాధారణ వాయిద్యాలన్నీ ఆరోగ్యవంతమైన చేతులను దృష్టిలో పెట్టుకుని చేసినవే. తంత్రి మీటాలంటే వేళ్ళకు నేర్పు కావాలి, వేణువు ఊదాలంటే శ్వాసపై అదుపు కావాలి. కనుబొమ్మ మాత్రమే కదపగల బిడ్డ ఏమి వాయించాలి?

ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానాలలో 'సౌండ్‌బీమ్' ప్రసిద్ధమైనది. దీనిని రూపొందించినవాడు ఆంగ్ల స్వరకర్త ఎడ్వర్డ్ విలియమ్స్. 1979లో బీబీసీ ప్రసారం చేసిన 'లైఫ్ ఆన్ ఎర్త్' ప్రకృతి ధారావాహికకు సంగీతం సమకూర్చినది ఆయనే. నర్తకుల కదలికలే శబ్దంగా మారాలన్నది ఆయన తొలి ఉద్దేశం. కాని ఆ పరికరం అసలైన స్థానాన్ని ప్రత్యేక పాఠశాలలలో కనుగొన్నది. దాని పనితీరు గబ్బిలాన్ని పోలినది. పరికరం మన చెవికి వినిపించని అతిధ్వని తరంగాలను పంపుతుంది. ఎదుటనున్న శరీరాన్ని తాకి అవి తిరిగివస్తాయి. తిరిగిరావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరాన్ని లెక్కించి, ఆ దూరానికి కేటాయించిన స్వరాన్ని పలికిస్తుంది. ముఖ్యమైన విషయమేమంటే ఆ దూరాన్ని మార్చుకోవచ్చు. గదంతా పరుగెత్తే బిడ్డ కోసం కొన్ని మీటర్లకు విస్తరింపవచ్చు. తల కొద్దిగా మాత్రమే వంచగల బిడ్డ కోసం కొన్ని అంగుళాలకు కుదింపవచ్చు. ఆ కొద్దిపాటి కదలికలోనే స్వరాలన్నీ ఇమిడిపోతాయి.

స్కాట్లాండులో రూపొందిన 'స్కూగ్' మరొక మార్గం అనుసరించింది. అది మెత్తని ఘనాకారపు వస్తువు. నొక్కినా, పిసికినా, మెలిపెట్టినా పలుకుతుంది. ఎంత బలంగా నొక్కితే శబ్దం రావాలో ముందుగా నిర్ణయించవచ్చు. అమెరికన్ స్వరకర్త పాలిన్ ఒలివెరోస్, ఆక్యుపేషనల్ థెరపిస్టు లీఫ్ మిల్లర్ తదితరులు కలిసి అభివృద్ధి చేసిన 'ఔమీ' అనే సాఫ్ట్‌వేర్‌కు వేరే పరికరమే అక్కరలేదు. కంప్యూటరు కెమెరా బిడ్డ ముక్కుకొననో, గడ్డాన్నో గుర్తుపట్టి దాని కదలికను శబ్దంగా మారుస్తుంది. దీనిని ఉచితంగా పొందవచ్చు.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఒక ఆసుపత్రిలో నివసించే డాన్ ఎల్సీ ఉదంతం మరింత ముందుకు వెళుతుంది. ఆయనకు సెరిబ్రల్ పాల్సీ. ఎంఐటీకి చెందిన టాడ్ మాకోవర్ బృందం 'హైపర్‌స్కోర్' అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది. అందులో స్వరలిపి రానివారు కూడా రంగు గీతలు గీసి స్వరరచన చేయవచ్చు. ఎల్సీ తల కదలికలతో స్వయంగా రచన చేశారు. 2008లో టెడ్ వేదికపై తన రచనను తానే ప్రదర్శించారు. లయ వేగాన్ని, శబ్ద తీవ్రతను తల కదలికలతోనే నియంత్రించారు. ఆ వేదికపై ఆయన రోగిగా కూర్చోలేదు, స్వరకర్తగా కూర్చున్నారు.

మంచి పరికరానికి గీటురాళ్ళు

ఈ ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే, అంగడిలో ఏదైనా వస్తువు కొనేముందు తల్లిదండ్రులు పరిశీలించవలసిన కొన్ని అంశాలు స్పష్టమవుతాయి.

మొదటిది, కారణానికీ ఫలితానికీ మధ్య ఎడం ఉండరాదు. బిడ్డ కదిలిన మరుక్షణమే శబ్దం రావాలి. ఆలస్యమైతే 'ఇది నావల్ల జరిగింది' అన్న గ్రహింపు కలగదు. ఒకసారి తాకితే మూడు నిమిషాలు తనంతట తానే పాడే బొమ్మ వినోదం ఇస్తుందేమో గాని, బిడ్డకు ఏమీ నేర్పదు.

రెండవది, పరికరం బిడ్డకు తగినట్లు సర్దుకోవాలి. ఈ రోజు చేయి బాగుంటుంది, రేపు బిగుసుకుపోతుంది. ఉదయపు శక్తి సాయంత్రానికి ఉండదు. ఎంత బలం, ఎంత దూరం, ఎంత వేగం అన్న మూడింటినీ మార్చుకునే వీలు లేని వస్తువు కొద్దిరోజుల్లోనే అటక ఎక్కుతుంది.

మూడవది, ఆపే అధికారం బిడ్డకే ఉండాలి. ఆటిజం గల పిల్లలలో చాలామందికి మనకు మామూలుగా తోచే శబ్దం కూడా భరింపరానిదవుతుంది. శబ్ద తీవ్రత తక్కువ నుంచి మొదలై మెల్లగా పెరగాలి. 'చాలు' అని చెప్పే మీట కూడా 'కావాలి' అనే మీట అంత పెద్దదిగా ఉండాలి. వద్దనగలగడం కూడా సంభాషణే.

నాలుగవది, ఎదుగుదలకు చోటుండాలి. ఎలా తాకినా తీయగానే పలికే పరికరం తొలి రోజుల్లో ధైర్యం ఇస్తుంది. కాని ఎప్పటికీ అంతే అయితే బిడ్డ ప్రయత్నానికి విలువ ఉండదు. నేడు ఒక శబ్దం, వచ్చే నెల రెండు శబ్దాల మధ్య ఎంపిక, ఆ తరువాత వాటి వరుస, ఇలా మెట్లు ఉండాలి.

ఐదవది భద్రత. చొల్లు కారే బిడ్డ వాడే వస్తువు తడిగుడ్డతో తుడిచేందుకు వీలుగా ఉండాలి. మింగదగిన చిన్న భాగాలు ఉండరాదు. గుండీల్లాంటి చిన్న గుండ్రని బ్యాటరీలు మింగితే అన్నవాహిక కాలిపోయే ప్రమాదమున్నది. కనుక వాటి మూతకు మరబిగింపు తప్పనిసరి. మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లల దగ్గర వేగంగా వెలిగి ఆరే దీపాలు వాడరాదు.

అన్నింటికన్నా ముఖ్యమైనది, పరికరం తయారుచేసేవారు బిడ్డ పక్కన కూర్చుని చూసి తయారుచేయాలి. అట్టతో, గుడ్డతో నమూనా చేసి, బిడ్డ చేతికిచ్చి, అతడు దానితో ఏమి చేస్తాడో ఓపికగా గమనించి, మార్చి, మళ్ళీ ఇవ్వాలి. ఆ గమనింపును ఏ యంత్రమూ తల్లికన్నా బాగా చేయలేదు.

వాగ్దానాల విషయంలో జాగ్రత్త

దివ్యాంగ బిడ్డ తల్లిదండ్రుల ఆశ చాలా సున్నితమైనది. దానిని సొమ్ము చేసుకునేవారికి కొదువ లేదు. 'ఈ యంత్రంతో ఆటిజం నయమవుతుంది' అనే ప్రకటనలు చూసి అప్పుచేసిన కుటుంబాలను మేమెరుగుదుము. అందుచేత శాస్త్రం చెప్పే మాటను ఉన్నదున్నట్లు చెప్పడం మా బాధ్యతగా భావిస్తున్నాము.

తొమ్మిది దేశాలలో నాలుగు నుంచి ఏడేళ్ళ లోపు వయసుగల 364 మంది ఆటిజం పిల్లలపై జరిగిన పెద్ద అధ్యయనం 2017లో ప్రచురితమైంది. ఐదు నెలల సంగీత చికిత్స తరువాత ఆటిజం లక్షణాల తీవ్రతలో, చికిత్స పొందని పిల్లలతో పోలిస్తే చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 2022లో కాక్రేన్ సంస్థ 26 అధ్యయనాలను, అంటే 1165 మంది వివరాలను, కలిపి సమీక్షించింది. చికిత్స ముగిసిన వెంటనే మొత్తం మీద మెరుగుదల కనిపించే అవకాశం, జీవన నాణ్యత పెరిగే అవకాశం ఉన్నట్లు తేల్చింది. కాని మాటలో, సాంఘిక వ్యవహారంలో స్పష్టమైన తేడాకు ఆధారం దొరకలేదు.

అంటే ఇది ఔషధం కాదు. ఫిజియోథెరపీకి, స్పీచ్ థెరపీకి, వైద్యుడు రాసిన మందులకు ప్రత్యామ్నాయం అంతకన్నా కాదు. పరికరం కొన్నంత మాత్రాన చికిత్స జరిగినట్లు కూడా కాదు. శిక్షణ పొందిన చికిత్సకుడు పక్కనుండి, లక్ష్యం నిర్ణయించుకుని, ప్రగతిని నమోదు చేస్తే అది చికిత్స. ఇంట్లో మనం చేసేది ఆట. అయితే ఆటకు విలువ లేదని ఎవరన్నారు? తన కదలికకు లోకం జవాబిస్తుందని బిడ్డ తెలుసుకోవడం చిన్న విషయమేమీ కాదు.

మన ఇళ్ళలో తలెత్తే ప్రశ్న

సంగీతం అనగానే మన పాఠకులలో చాలామందికి ధర్మపరమైన సందేహం కలుగుతుంది. వాయిద్యాల విషయంలో ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదాలున్నాయన్నది తెలిసినదే. పెళ్ళి, పండుగ సందర్భాలలో దఫ్‌ను అనుమతించినవారున్నారు. ఇతర వాయిద్యాలను నిషేధించినవారున్నారు. చికిత్స అవసరాన్ని ప్రత్యేకంగా పరిగణించేవారూ ఉన్నారు. ఆ చర్చలో తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. ఎవరి ఇంట వారు తాము విశ్వసించే ఆలిమ్‌ను సంప్రదించడం మేలు.

అయితే ఒక సంగతి మాత్రం చెప్పవలసి ఉన్నది. ఈ పరికరాలలో ముఖ్యమైనది తీగ వాద్యమో, పియానో స్వరమో కాదు. బిడ్డ కదలికకు జవాబు రావడం ముఖ్యం. ఆ జవాబు ఏ శబ్దమైనా కావచ్చు. పిచ్చుక కిచకిచ, వాన చప్పుడు, రైలు కూత, వంటింట్లో గిన్నెల మోత, "అబ్బా, ఇటు రండి" అన్న అక్క గొంతు, ఏదైనా సరే. సెల్‌ఫోనులో రికార్డు చేసిన అమ్మ పిలుపు చాలామంది పిల్లలకు అన్ని స్వరాలకన్నా ప్రియమైనది. ఖుర్ఆన్ ఆయతులను మాత్రం మీట నొక్కితే మొదలై, వదిలితే మధ్యలో తెగిపోయే ఆటశబ్దంగా వాడకుండా ఉండడం అదబ్. తిలావత్‌కు వేరే సమయం, వేరే ప్రశాంతత ఉండనిద్దాము.

ఇంట్లోనే చేయదగిన మీట

మార్కెట్‌లోని ప్రత్యేక పరికరాల వెల సామాన్య కుటుంబాలకు అందనిది. కాని వాటి వెనుకనున్న సూత్రం చాలా సులభం. ఇంట్లో పాత బ్యాటరీ బొమ్మ ఒకటి, కొంచెం ఓపిక ఉంటే చాలు.

రెండు అరచేతుల వెడల్పుగల గట్టి అట్టముక్కలు రెండు తీసుకోవాలి. ఒక్కొక్కదానికి ఒకవైపున రొట్టెలు చుట్టే అల్యూమినియం కాగితం అంటించాలి. ఒక్కొక్క కాగితానికి ఒక తీగ గట్టిగా బిగించాలి. రెండు అట్టలూ మెరిసే వైపులు ఎదురెదురుగా ఉండేట్లు పెట్టి, మధ్యలో పెద్ద రంధ్రాలు చేసిన పలుచని స్పాంజి ఉంచి, అంచులు టేపుతో మూయాలి. పైన నొక్కితే రంధ్రాల గుండా రెండు కాగితాలూ తాకుతాయి. వదిలితే స్పాంజి వాటిని విడదీస్తుంది. ఇదే మీట. అరచేత్తో గాని, మోచేత్తో గాని, పాదంతో గాని, తలతో గాని నొక్కవచ్చు.

తరువాత రెండు చిన్న రాగి రేకుల మధ్య పలుచని ప్లాస్టిక్ ముక్క ఉంచి, ఆ మూడింటినీ బొమ్మలోని బ్యాటరీకీ, దానిని తాకే లోహపు కొసకూ మధ్య దూర్చాలి. రేకులు ఒకదానినొకటి తాకరాదు. మీట నుంచి వచ్చే తీగలను ఒక్కొక్క రేకుకు ఒకటి చొప్పున కలపాలి. బొమ్మ స్విచ్చిని 'ఆన్' చేసి ఉంచాలి. ఇక బిడ్డ పెద్ద మీటను నొక్కినప్పుడే బొమ్మ మోగుతుంది. స్విచ్చి జరపగానే పనిచేసే బొమ్మలకే ఈ పద్ధతి నప్పుతుంది. ప్రతిసారీ గుండీ నొక్కితే తప్ప మొదలుకాని బొమ్మలకు పనికిరాదు. ఒకటిన్నర వోల్టుల మామూలు బ్యాటరీలతో నడిచే వాటికే దీనిని పరిమితం చేయాలి. గోడ ప్లగ్గుకు పెట్టే వస్తువుల జోలికి ఎన్నడూ పోరాదు. పెద్దలు పక్కన లేకుండా వాడనివ్వరాదు.

మీటను ఎక్కడ ఉంచాలన్నది బిడ్డను చూసి నిర్ణయించాలి. ఏ కదలిక అతనికి నొప్పి లేకుండా, మళ్ళీ మళ్ళీ వస్తుందో అక్కడ ఉంచాలి. ఫిజియోథెరపిస్టును ఒకమాట అడిగితే మరీ మంచిది. బిడ్డ ఒకసారి నొక్కిన తరువాత మనం వెంటనే తొందరపెట్టరాదు. అతనికి మన కన్నా ఎక్కువ సమయం కావాలి. మౌనంగా వేచివుండడం ఈ ఆటలో పెద్దల వంతు.

ఎక్కడ అడగాలి?

మేధోపరమైన వైకల్యం గల పిల్లల కోసం సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో జాతీయ స్థాయి సంస్థ ఉన్నది. 1984లో స్థాపితమైన ఈ సంస్థను నేడు ఎన్ఐఈపీఐడీ అని పిలుస్తున్నారు. అక్కడ పరీక్షలు, సలహాలు, తల్లిదండ్రులకు మార్గదర్శనం లభిస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వాటిలో ఉన్నాయి. యూడీఐడీ కార్డు తీసుకోవడానికి సిగ్గుపడేవారు ఇప్పటికీ మనలో ఉన్నారు. అది భిక్ష కాదు, బిడ్డ హక్కు.

అజాన్ పలికిన గొంతు

మదీనాలో తొలి రోజుల్లో ఇద్దరు ముఅజ్జిన్‌లు ఉండేవారు. రమజాన్ రాత్రి చివరి భాగంలో బిలాల్ (రజి) అజాన్ పలికితే ప్రజలు సహరీ కొనసాగించేవారు. ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అజాన్ వినిపిస్తే ఆపేవారు. ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అంధులు. తెల్లవారడం ఆయనకు కనిపించదు. 'తెల్లవారింది, తెల్లవారింది' అని పక్కవారు చెప్పేవారు, అప్పుడు ఆయన గొంతెత్తేవారు. ఆయనకు చూపు లేదు గనుక ఈ బాధ్యత తగదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) అనలేదు. ఒక ఊరి ఉపవాసమంతా ఆ గొంతుపై ఆధారపడింది. కావలసిన సాయం ఒక్క మాటే. ఆ మాటను పక్కవారు అందించారు.

మేము ఇంతసేపు చెప్పుకొచ్చిన పరికరాలన్నీ, తీగలు, తరంగాలు, కెమెరాలు, ఆ పక్కవారి మాట వంటివే. అవి బిడ్డకు బదులుగా పలకరాదు. బిడ్డ తానే పలికేందుకు తోడ్పడాలి.

బక్రీద్ తరువాత మేము ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాము. చాచా తెచ్చిన పియానో అటక మీద ఉన్నది. బాలుని చక్రాల కుర్చీ బల్లకు ఎడమవైపున స్పాంజి మీట ఒకటి టేపుతో అంటించి ఉన్నది. దాని తీగ బ్యాటరీతో అరిచే కోడిబొమ్మకు కలిపి ఉన్నది. పిల్లలు గదిలో గోల చేస్తున్నారు. బాలుని మోచేయి మెల్లగా జరిగి మీటపై ఆనింది. కోడి కూసింది. గోల ఆగింది, అందరూ అతని వైపు తిరిగారు. అతడు మోచేయి తీశాడు. కోడి ఊరుకున్నది. మళ్ళీ ఆనించాడు. ఈసారి పిల్లలందరూ పకపక నవ్వి, "ఇంకోసారి, ఇంకోసారి" అన్నారు.

అతడు వెంటనే నొక్కలేదు. వారిని కాసేపు ఎదురుచూడనిచ్చాడు.